స్మూతనింగ్ చేయించిన జుట్టు తెగకుండా సొంత జుట్టు పెంచుకోవడం ఎలా?

పెళ్ళికో, కాలేజీ ఫేర్‌వెల్‌కో స్మూతనింగ్ చేయిస్తారు. ఐదారు నెలలకు కుదుళ్ళ దగ్గర సొంత జుట్టు ఉంగరాలు తిరుగుతూ రెండు మూడు అంగుళాలు వచ్చేస్తుంది. కింద మాత్రం ఇస్త్రీ చేసినట్టు సాపుగా వేలాడుతుంటుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. కుదుళ్ళకు మళ్ళీ మందు పెట్టించి టచప్ చేయించాలా? కెరాటిన్ పెట్టించాలా? వదిలేస్తే మొత్తం ఊడిపోతుందా? గుంటూరులో మా పార్లర్‌కి వచ్చేవాళ్ళు అడిగేది ఇదే, విజయవాడ నుంచి ఫోన్ చేసేవాళ్ళు అడిగేదీ ఇదే. ఇక మందులు వద్దు, నా జుట్టు నాకు కావాలి అనుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మళ్ళీ చేయించుకోవాలనుకునేవాళ్ళకు ఇందులో పెద్దగా పనికొచ్చేది లేదు.

ముందు మీకు చేసిందేమిటో తెలుసుకోండి

రీబాండింగ్, స్ట్రెయిటనింగ్, స్మూతనింగ్ అని పేర్లు వేరైనా వీటిలో ఎక్కువ వాటి పద్ధతి ఒకటే. థయోగ్లైకోలేట్ రకం క్రీముతో వెంట్రుక లోపలి బంధాలను విడగొడతారు, ఐరన్‌తో సాపు చేస్తారు, న్యూట్రలైజర్‌తో ఆ సాపుదనాన్ని బిగిస్తారు. ఆ భాగం ఇక శాశ్వతంగా అంతే. ఏ నూనె రాసినా, ఎంత ఖరీదైన సీరమ్ పూసినా పాత వంకీలు తిరిగి రావు, పోయిన బలమూ పూర్తిగా రాదు. కెరాటిన్ అలా కాదు. అది చాలావరకు పైపూత, తలస్నానాలతో మూడు నుంచి ఐదు నెలల్లో తగ్గిపోతుంది. మీకు చేసింది కెరాటిన్ మాత్రమే అయితే ఓపిక పట్టండి చాలు. ఏం చేశారో గుర్తులేకపోతే ఒక పాయ తడిపి చూడండి. పైన వంకీలు తిరిగి, కింద కర్రలా నిలబడితే అది శాశ్వత రకమే.

తెగేది ఎక్కడంటే, కొత్త జుట్టూ పాత జుట్టూ కలిసే చోట. దాన్ని అతుకు అందాం. పైనున్న జుట్టు వంగుతుంది, సాగుతుంది. కిందిది నీరసించి ఉంది. దువ్వెన లాగినా, రబ్బరు బ్యాండు బిగించినా ఆ లాగుడంతా అతుకు దగ్గరే పడుతుంది. రెండు జుట్లనూ ఒకేలా కనిపించేట్టు చేయాలన్న తాపత్రయమే నా దగ్గరకు వచ్చిన తలల్లో సగానికి సగం తెగడానికి కారణం. తేడా కొన్నాళ్ళు కనబడనివ్వండి.

ఎంత కాలం పడుతుంది? మూడు దారులు

జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ పెరుగుతుంది. అంటే ఏడాదికి ఐదారు అంగుళాలు. భుజాల దాకా సొంత జుట్టు రావాలంటే రెండేళ్ళు, రెండున్నరేళ్ళు. తొంభై రోజుల్లో నడుము దాకా అని ఎవరైనా నూనె సీసా చూపిస్తే నవ్వి ఊరుకోండి.

మొదటి దారి గుండు. నవ్వకండి, మన దగ్గర ఇది అందరికీ ఉన్న సౌకర్యం. తిరుమల మొక్కో, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి మొక్కో ఎలాగూ ఉంటే తలనీలాలు ఇచ్చేయండి, సమస్య ఒక్క పూటలో తీరిపోతుంది. మూడు కత్తెరలతో మాత్రం ఈ పని కాదు, అది మొక్కు తీరడానికే.

రెండోది, అతుకు కింద ఉన్నదంతా కత్తిరించేసి పొట్టి జుట్టుతో ఉండటం. ఆరేడు అంగుళాల సొంత జుట్టు వచ్చాక చేస్తే బాగుంటుంది. మూడోది, పొడవు ఉంచుకుని కొంచెం కొంచెం కత్తిరిస్తూ రావడం. మన ఇళ్ళల్లో చాలామంది ఎంచుకునేది ఇదే. "ఆడపిల్ల జుట్టు కత్తిరిస్తావా" అనే అత్తయ్యలు, అమ్మమ్మలు ఉంటారు కదా. కింద చెప్పేదంతా ఈ మూడో దారి వాళ్ళకి.

కావలసినవి

- పెద్ద పళ్ళ దువ్వెన. పళ్ళ అంచుల్లో ప్లాస్టిక్ గీత తగలకూడదు, వేలితో తడిమి చూసి కొనండి. పేన్ల దువ్వెన, సన్నపళ్ళ దువ్వెన ఈ రెండేళ్ళూ జుట్టు పొడవునా వాడొద్దు.
- కొబ్బరినూనె, మామూలుదే.
- సల్ఫేటు లేని షాంపూ ఒకటి. బోరు నీళ్ళు అయితే, నెలకు ఒకటి రెండు సార్లు వాడటానికి, జుట్టు మీద పేరుకున్నది వదిలించే క్లారిఫయింగ్ షాంపూ ఇంకొకటి.
- చేతికి జారుడుగా తగిలే చిక్కటి కండిషనర్. షాంపూ కన్నా ఇది పెద్ద సీసా కొనండి, ఇదే ముందు అయిపోతుంది.
- పాత కాటన్ టీషర్టు ఒకటి.
- శాటిన్ గుడ్డ ఒక మీటరు. విజయవాడ బీసెంట్ రోడ్డులో అయినా, గుంటూరులో అయినా మ్యాచింగ్ సెంటర్‌లో అడిగితే మీటరు లెక్కన కోసి ఇస్తారు. దిండు గలీబుకి సరిపోతుంది. పాత పట్టుచీర కూడా పనికొస్తుంది, జరీ ఉన్న చోటు మాత్రం వద్దు, జరీకి వెంట్రుకలు పట్టుకుంటాయి.
- గుడ్డతో చేసిన స్క్రంచీలు, రెండు మూడు క్లచ్‌లు.

1. తలంటుకు ముందు నూనె

తలస్నానానికి గంట, రెండు గంటల ముందు అతుకు దగ్గర నుంచి చివర్ల దాకా కొబ్బరినూనె పట్టించండి. రాత్రే రాసి ఉంచినా సరే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తడిసినప్పుడు జుట్టు నీళ్ళు పీల్చి ఉబ్బిపోకుండా, లోపలి ప్రొటీన్ కొట్టుకుపోకుండా కొంత ఆపుతుంది. ఈ గుణం మినరల్ ఆయిల్‌కి లేదు. మాడుకు మర్దన చేస్తే వేళ్ళ చివరలతో మెల్లగా చేయండి. అరచేతులతో రుద్దితే కొత్త జుట్టు చిక్కుపడి, ఆ చిక్కంతా అతుకు దగ్గర ముడి వేసుకుంటుంది.

2. చిక్కు తడపకముందే తీయండి

నూనె మీదే తీయండి. జుట్టును నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయను అతుకుకి కొంచెం పైన ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. రెండో చేత్తో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. అలా పట్టుకుంటే దువ్వెన లాగే లాగుడు మీ పిడికిలి దగ్గర ఆగిపోతుంది, కుదురు దాకా పోదు. ముందు వేళ్ళు, తర్వాత దువ్వెన. ముడి విడిపోకపోతే దానికి ఇంకో రెండు చుక్కల నూనె పెట్టి కాసేపు వదిలేసి వేరే పాయ చూసుకోండి.

ఈ గైడులో ఒక్కటే పాటించగలిగితే ఈ అడుగు పాటించండి.

3. నీళ్ళ సంగతి

కృష్ణ నీళ్ళు వచ్చే కుళాయి ఇంట్లో ఉంటే అదృష్టం. చాలా అపార్ట్‌మెంట్లలో స్నానానికి వచ్చేవి బోరు నీళ్ళు. బకెట్ లోపలి అంచున, గీజరు లోపల తెల్లటి పొర కడుతోందా? సబ్బు నురగ రాక విసుగొస్తోందా? అయితే మీవి ఉప్పు నీళ్ళే. వాటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద కూడా పేరుకుంటాయి, జుట్టు గరుకెక్కి ఒకదానికొకటి పట్టుకుంటుంది.

మొత్తం స్నానానికి మంచి నీళ్ళు పట్టుకురావడం ఎవరికీ కుదరదు. చివరి రెండు మూడు చెంబులు మాత్రం మినరల్ వాటర్ క్యాన్ నుంచో, మున్సిపల్ కుళాయి నుంచి పట్టి ఉంచిన బిందె నుంచో పోసుకోండి. నెలకు ఒకటి రెండు సార్లు క్లారిఫయింగ్ షాంపూతో కడిగితే పేరుకున్నది కొంత వదులుతుంది. కొనేటప్పుడు సీసా వెనక ఈడీటీఏ అన్న మాట ఉందేమో చూడండి, ఆ కాల్షియం, మెగ్నీషియంలను పట్టి వదిలించేది అదే. నీళ్ళు గోరువెచ్చగా చాలు. పొగలు కక్కే నీళ్ళు వద్దు, డిసెంబరులో అయినా సరే.

4. కడగడం

షాంపూ మాడుకి మాత్రమే. చెంబులో కొంచెం నీళ్ళు కలిపి పలచన చేసి, మాడు మీద పోసి వేళ్ళతో నిమరండి. నురగ కిందకి జారుతూ పాత జుట్టును కడిగేస్తుంది, దానికి అది చాలు. జుట్టంతా నెత్తి మీదకి తెచ్చి గుడ్డలు ఉతికినట్టు రుద్దకండి.

కుంకుడుకాయ, సీకాయ వాడొచ్చా అని ప్రతి రెండో మనిషీ అడుగుతారు. మామూలు జుట్టుకి నాకు అభ్యంతరం లేదు. స్మూతనింగ్ జుట్టుకి కుంకుడు రసం మరీ ఎండగొడుతుంది, వాడాల్సి వస్తే ముందు నూనె తప్పనిసరి, రసం పలచగా ఉండాలి. సీకాయ పొడి అయితే నానబెట్టి గుడ్డలో వడకట్టండి. పొడి రవ్వలు జుట్టులో ఇరుక్కుంటే వాటిని దులపడానికే సగం జుట్టు తెగుతుంది. ఒంటి సబ్బుతో, వంటసోడాతో తల కడగడం మాత్రం వద్దే వద్దు.

వారానికి రెండు తలస్నానాలు చాలామందికి సరిపోతాయి. మన ఎండల్లో, చెమటకు మాడు దురద పెడితే మూడోసారి ఉట్టి నీళ్ళతో మాడు కడిగి కండిషనర్ పెట్టుకోండి.

5. కండిషనర్, రెండో చిక్కు

నీళ్ళు కారుతుండగానే అతుకు నుంచి కిందకి ధారాళంగా పట్టించండి. మూడు నాలుగు నిమిషాలు ఆగి, వేళ్ళతోనే విడదీయండి. తడి వెంట్రుక పొడిదానికన్నా బలహీనం, రబ్బరులా సాగి తెగుతుంది. అందుకే ఇక్కడ జారుడు ముఖ్యం.

ఇంటి వైద్యం ఇష్టమైతే మందారాకు నూరి పిండిన జిగురు బాగా పనికొస్తుంది, అవిసె గింజలు ఉడికించి తీసిన జెల్ కూడా. రెండూ పలచటి గుడ్డలో వడకట్టే వాడాలి. మెంతుల ముద్ద మాత్రం నేను సలహా ఇవ్వను. జారుడు ఉంటుంది, నిజమే, ఎంత వడకట్టినా మిగిలే నలకలు దువ్వెనకు పని పెంచుతాయి.

6. ఆరబెట్టడం

మన ఇళ్ళల్లో తల ముందుకు వంచి తువ్వాలుతో ఫట్ ఫట్‌మని కొట్టే అలవాటు ఉంది. స్మూతనింగ్ జుట్టుకి అది కొరడా దెబ్బే. టీషర్టులో జుట్టును పొదివి నొక్కండి, పిండకండి. నీళ్ళు కారడం ఆగాక ఫ్యాను గాలికి వదిలేయండి. సాంబ్రాణి వేసుకుంటే పొగ తగిలితే చాలు, నిప్పుల సెగ జుట్టుకు తగలకూడదు. ఆఫీసుకు టైమ్ అయిపోతుంటే డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి జానెడు దూరం నుంచి వాడండి.

7. జడ, ముడి

రెండు రకాల జుట్టు కనిపించకుండా ఉండటానికి, తెగకుండా ఉండటానికి కూడా వదులు జడే మంచి ఉపాయం. కొప్పు కూడా మంచిదే, రోజూ ఒకే చోట కాకుండా మారుస్తూ ఉండాలి. నుదురు దగ్గర చర్మం లాగినట్టు అనిపిస్తే బిగువు ఎక్కువైనట్టే. బ్యాండు ఎప్పుడూ అతుకు మీద పడకూడదు, దానికి పైనో కిందో ఉండాలి. జుట్టు పెరిగేకొద్దీ అతుకు కిందకి దిగుతుంది, కాబట్టి బ్యాండు పెట్టే చోటు నెలనెలా చూసుకోండి.

పాయలు రెండు రకాలుగా కనబడటం మరీ ఇబ్బందిగా ఉంటే, తడి జుట్టును నాలుగైదు వదులు జడలు వేసి ఆరాక విప్పండి. కింది సాపు జుట్టుకి కూడా తాత్కాలికంగా వంకీ వస్తుంది, తేడా సగం మరుగున పడుతుంది. వేడి అక్కర్లేదు.

సవరం, పూలజడ లాంటివి ఫంక్షన్ రోజుకే, అదీ కొన్ని గంటలే. బరువంతా అతుకు మోస్తుంది. మూర మల్లెపూలు పెట్టుకుంటే ఏమీ కాదు, పిన్ను మాత్రం సొంత జుట్టులోకి గుచ్చండి.

8. బండి, ఎండ, నిద్ర

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా జుట్టు వదిలేసి స్కూటీ నడిపి చూడండి, దిగేసరికి పిచ్చుక గూడే. జడ వేసి, చివర లోపలికి మడిచి, తల మీద పలచటి శాటిన్ గుడ్డ కట్టుకుని ఆపైన హెల్మెట్. కాటన్ చున్నీ నేరుగా జుట్టుకు చుడితే రాపిడి ఎక్కువ. రోహిణీ కార్తె ఎండల్లో జుట్టు కప్పకుండా తిరగొద్దు. రాత్రి వదులు జడ, శాటిన్ గలీబు. తడి జుట్టుతో పడుకోవడం వద్దు.

9. కత్తిరింపు

ఎనిమిది నుంచి పది వారాలకోసారి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు తీయించండి. పెరిగినంతే తీస్తే పొడవు అలాగే ఉంటుంది, పాతది మాత్రం తగ్గుతూ వస్తుంది. చివర్లు చిట్లినవి వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. ఇంట్లో కత్తిరించుకుంటే గుడ్డలు కోసే కత్తెర వాడకండి, జుట్టు కత్తెరే కావాలి. రేజర్ కట్, థిన్నింగ్ వద్దని పార్లర్‌లో కూర్చోగానే చెప్పేయండి.

10. ప్రొటీన్, నెలకోసారి

జుట్టు తడిసినప్పుడు జిగురులా సాగుతుంటే హైడ్రోలైజ్డ్ కెరాటిన్ ఉన్న మాస్క్ నెలకోసారి పెట్టండి. గుడ్డు సొన వెంట్రుక లోపలికి పోదు, అందులోని ప్రొటీన్ కణాలు అంత పెద్దవి. వాసన మాత్రం మిగులుతుంది. ప్రొటీన్ ఎక్కువైనా ఇబ్బందే, జుట్టు పెళుసెక్కి పుల్లల్లా విరుగుతుంది. రోజూ బియ్యం కడుగు నీళ్ళు పోసుకునేవాళ్ళలోనూ ఈ బిరుసుదనం చూస్తుంటాను.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

టచప్. కుదుళ్ళకే చేస్తాం అంటారు, కానీ మందు ఎంత జాగ్రత్తగా పెట్టినా పాత జుట్టు మీదకి కొంచెం జారుతుంది. ఒకసారి విడిపోయిన బంధాల మీద రెండోసారి మందు పడితే అక్కడే తెగి ఊడివస్తుంది. పార్లర్ నడిపే మనిషిని నేనే చెబుతున్నాను, వద్దు అన్న కస్టమర్‌ని ఒప్పించే మాటలు మా దగ్గర చాలా ఉంటాయి. వినకండి.

తేడా కప్పడానికి కెరాటిన్, హెయిర్ బోటాక్స్. పేరు ఏదైనా చివరకు బాగా వేడెక్కిన ఐరన్‌తో పలుమార్లు లాగుతారు, అతుకుకి అదే చాలు. పైగా కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. గ్లయాక్జిలిక్ యాసిడ్ ఉన్నవి వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

రోజూ కుదుళ్ళకు ఐరన్. వేడితో కొత్త జుట్టు కూడా పాడైతే రెండేళ్ళ ఓపిక వృథా. పెళ్ళి లాంటి సందర్భం తప్పకపోతే జుట్టు పూర్తిగా ఆరాక, హీట్ ప్రొటెక్టెంట్ రాసి, 180 డిగ్రీలు దాటకుండా ఒక్కసారి లాగండి.

గోరింటాకు. స్వచ్ఛమైన ఆకు పొడి అయినా ఎండిన జుట్టును బిరుసు చేస్తుంది, కడిగేటప్పుడు మట్టిలా అంటుకుని చిక్కు పెడుతుంది. పది నిమిషాల్లో నల్లగా చేసే ప్యాకెట్లలో ఉట్టి ఆకు కాదు, పీపీడీ లాంటి రసాయన రంగులు ఉంటాయి. ఈ రెండేళ్ళూ తెల్లవెంట్రుకలు కప్పాల్సి వస్తే కుదుళ్ళలో కనిపించేంత వరకే రంగు వేయించండి, కింది జుట్టుకి తగలనివ్వకండి.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూడండి

రాలడం వేరు, తెగడం వేరు. దువ్వాక వచ్చిన వెంట్రుకలను తెల్లకాగితం మీద పరచండి. ఒక కొసన చిన్న తెల్లటి ఉండ ఉంటే అది కుదురుతో రాలింది. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే, వారానికి రెండుసార్లే దువ్వితే అన్నీ ఒకేసారి కనబడి గుండె ఝల్లుమంటుంది. ఉండ లేకుండా పొట్టి ముక్కలు ఉంటే అవి తెగినవి. ముక్కలు తగ్గుతూ ఉంటే మీ పద్ధతి సరైనదే. తగ్గకపోతే వాటి పొడవు చూడండి. అంగుళం, రెండంగుళాల ముక్కలైతే చివర్లు చిట్లుతున్నాయి, కత్తిరింపు ఆలస్యమైంది. ఒక వైపు ఉంగరం, ఒక వైపు సాపు ఉన్న పొడుగు ముక్కలైతే అవి అతుకుకి పైనుంచి తెగుతున్నాయి, బ్యాండు చోటు, దువ్వే పద్ధతి మార్చండి.

నడినెత్తిన పొట్టి వెంట్రుకలు లేచి నిలబడితే కంగారు పడకండి. ఒకటి వేలి మీద పెట్టి వెలుతురులో చూడండి. కొస సన్నగా సూదిలా ఉంటే కొత్తగా మొలిచింది, మొద్దుగా ఉంటే తెగింది.

రాలిన తడి వెంట్రుక ఒకటి తీసుకుని మెల్లగా సాగదీయండి. కొంచెం సాగి వెనక్కి వస్తే బాగుంది. సాగి అలాగే ఉండిపోతే ప్రొటీన్ కావాలి, సాగకుండా పుటుక్కున తెగితే ప్రొటీన్ ఆపి కండిషనర్ పెంచండి.

తెల్ల ఉండతో కుప్పలుగా రాలుతుంటే ఈ గైడుతో తగ్గదు. కాన్పు అయ్యాకా, టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాల తర్వాతా రెండు మూడు నెలలకు అలా రాలడం మామూలు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా రాలుతుంది. మాడు మీద మంట, పుండ్లు, గుండ్రటి ఖాళీలు కనిపిస్తే వెంటనే చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఆ ఓపీ ఉంటుంది.

చివరి కత్తిరింపు

సొంత జుట్టు మీకు నచ్చినంత పొడవు వచ్చాక మిగిలిన సాపు భాగం తీసేయాలి. పొడి జుట్టు మీద అతుకు సరిగ్గా కనబడదు. బాగా తడిపి, కండిషనర్ పెట్టి, పాయలు పాయలుగా విడదీస్తే వంకీ ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. ఒక్కో పాయకు ఒక్కో చోట ఆగుతుంది, అన్నిటినీ ఒకే గీతలో కోయమనకండి. వంకీల జుట్టు ఆరాక పైకి ముడుచుకుంటుంది కాబట్టి అనుకున్నదానికన్నా అంగుళం పొడవు వదిలి కోయించుకోండి. చెవుల పక్కన, మెడ మీద సాపు వెంట్రుకలు ఒకటి రెండు తప్పించుకుంటాయి, వారం తర్వాత తలస్నానం చేసి అద్దం ముందు వెతికి తీసేయండి.